నాయకుడి సంగతి నాయకుడికే ఆఖరున తెలుస్తుంది

ప్రమోషన్ వచ్చిన కొత్తలో చాలామంది గమనించని మార్పు ఒకటుంది. నిన్నటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని జోకుకి ఇవాళ గది మొత్తం నవ్వుతుంది. గంటన్నర సాగే మీటింగులు నలభై నిమిషాల్లో అయిపోతాయి. ఎవరైనా కాదనాలంటే ముందు రెండు పొగడ్తలు వేసి, ఆ తర్వాత నసుగుతూ "చిన్న డౌటండీ" అని మొదలుపెడతారు. కుర్చీలో ఉన్న మనిషికి ఇదంతా తన సామర్థ్యం పెరిగినట్టే కనిపిస్తుంది. చెప్పేది స్పష్టంగా చెబుతున్నాను, టీమ్ ఒక్క తాటి మీద నడుస్తోంది, గొడవల్లేవు అనుకుంటారు. ఆ మనిషి మాటతీరు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. తన చెవిదాకా వచ్చే మాటలే మారిపోయాయి.

నాయకత్వం గురించి చెప్పేవాళ్లు సాధారణంగా రెండు విషయాల్ని విడివిడిగా చెబుతారు. ఒకటి, తన్ను తాను తెలుసుకోవడం: డైరీ రాసుకోవడం, ధ్యానం, వ్యక్తిత్వ పరీక్షలు. రెండోది, మనుషులతో సంబంధాలు: పలకరింపులు, పార్టీలు, టీమ్ ట్రిప్పులు. మొదటిది తలుపు వేసుకుని ఒంటరిగా చేసుకునేది, రెండోది నలుగురిలో చేసేది అన్నట్టు. ఈ విభజనతోనే చిక్కు వస్తుంది. లీడర్ గురించి లీడర్‌కి తెలియని సంగతుల్లో చాలా భాగం కింద పనిచేసేవాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లకు నమ్మకం ఉంటే చెబుతారు, లేకపోతే తమలో తాము చెప్పుకుంటారు. సంబంధం పలచబడిన చోట ఎంత ఆత్మపరిశీలన చేసుకున్నా, తెలిసిన సంగతే మళ్లీ మళ్లీ తెలుస్తుంది.

లోపలికి చూసుకుంటే దొరకనిది

మనసులోకి తొంగి చూస్తే మన పనులకు కారణాలు కనిపిస్తాయని అందరం నమ్ముతాం. ఆ నమ్మకం ఎంత బలహీనమో చూపించిన పరిశోధనల్లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లో ప్రచురించినది పేరున్నది. ఒక దుకాణంలో నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, వీటిలో నాణ్యమైనది ఏదో చెప్పమని వచ్చిపోయేవాళ్లను అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అయినా మిగతా ఏ జతకంటే కుడి చివర ఉన్నదాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే అల్లిక బాగుందనో, పట్టుకుంటే మెత్తగా ఉందనో చెప్పారు. అది పెట్టిన చోటు గురించి ఒక్కరూ తమంతట తాము చెప్పలేదు. చోటు వల్ల అలా అనిపించి ఉండొచ్చా అని అడిగితే దాదాపు అందరూ కొట్టిపారేశారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమ ఎంపికకు నమ్మదగ్గ కారణం ఒకటి తమకు తెలియకుండానే అల్లుకున్నారు.

ఇద్దరిలో ఒకరికి మంచి ప్రాజెక్టు ఎందుకిచ్చావని మేనేజర్ని అడిగితే వచ్చే జవాబు కూడా చాలాసార్లు ఈ కోవలోదే. "ఆమెకి అనుభవం ఉంది" అంటారు. ఆమె తన ఎదురు టేబుల్ దగ్గరే కూర్చుంటుందని, రోజూ కనిపిస్తుందని తట్టదు.

అలాగని మన గురించి మనకేమీ తెలియదనడమూ తప్పే. సిమీన్ వజీర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2010లో ఒక ఉపయోగకరమైన తేడా చూపించారు. ఆందోళన, ఆత్మవిశ్వాసం లేకపోవడం లాంటి లోపలి విషయాలు ఆ మనిషికే బాగా తెలుస్తాయి. పదిమందీ మంచి చెడూ అని తూచే గుణాల్లో, ఉదాహరణకు తెలివితేటల విషయంలో, స్నేహితుల అంచనా మెరుగ్గా ఉంటుంది. గలగలా మాట్లాడే స్వభావమా కాదా అన్నది ఇద్దరికీ దాదాపు సమానంగా తెలుస్తుంది. లీడర్ పరంగా దీన్ని ఇలా చదువుకోవచ్చు: మీటింగుకి ముందు ఎంత టెన్షన్ పడ్డారో మీకు తెలుసు. ఆ టెన్షన్లో మీరు ఎదుటివాళ్ల మాటకి ఎన్నిసార్లు అడ్డుపడ్డారో వాళ్లకు తెలుసు. ఉద్దేశం మీ దగ్గర ఉంది, దాని ఫలితం వాళ్ల దగ్గర ఉంది. పని నడిచేది ఫలితం మీద కాబట్టి వాళ్ల దగ్గరున్న సమాచారానికే విలువ ఎక్కువ.

జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగ్హమ్ 1955లో తయారుచేసిన జొహారీ విండో శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ గీసి చూపిస్తుంటారు. తనకూ తెలిసి ఇతరులకూ తెలిసినవి, తనకే తెలిసినవి, ఇతరులకే తెలిసినవి, ఎవరికీ తెలియనివి అని నాలుగు గళ్లు. గళ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇతరులకే తెలిసిన గడి చిన్నది కావాలంటే ఇతరులు నోరు విప్పాలి, అంతే. వాళ్లు ఎందుకు విప్పరన్నదే అసలు ప్రశ్న.

నోరు ఎందుకు పెగలదు

చెడు కబురు మోసుకెళ్లడానికి మనుషులు వెనకాడతారని సిడ్నీ రోజెన్, అబ్రహాం టెసర్ 1970లోనే ప్రయోగాల ద్వారా చూపించారు. కబురు వినే మనిషి చేతిలో జీతం, సెలవు, ప్రమోషన్ ఉన్నప్పుడు ఆ వెనకాడటం ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. దాని ఖరీదు ఎంతదాకా పోగలదో చెప్పడానికి విమానయాన చరిత్రలో ఒక దుర్ఘటన ఉంది.

1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాలన్నీ ఇక్కడికి మళ్లాయి, గంటల తరబడి నిలిచిపోయాయి. ఎట్టకేలకు కదిలే సమయానికి డచ్ సంస్థ కెఎల్ఎమ్‌కి చెందిన బోయింగ్ 747 రన్‌వే చివర నిలబడింది. అదే రన్‌వే మీద అమెరికా సంస్థ పాన్ ఆమ్ 747 ఎదురుగా నెమ్మదిగా వస్తోంది. మంచులో ఒకరికొకరు కనిపించరు. కెఎల్ఎమ్ కెప్టెన్ ఆషామాషీ మనిషి కాదు, ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. పక్కన కూర్చున్న ఫస్ట్ ఆఫీసర్‌కి ఆ విమానం నడిపే అర్హత పరీక్ష పెట్టిందీ ఆయనే.

కెప్టెన్ ఇంజిన్ల వేగం పెంచబోతే, ఆగండి, ఇంకా అనుమతి రాలేదని ఫస్ట్ ఆఫీసర్ అన్నాడు. నాకు తెలుసు, అడుగు అన్నాడు కెప్టెన్. టేకాఫ్ తర్వాత ఏ దారిలో వెళ్లాలో కంట్రోల్ టవర్ చెప్పింది. అది టేకాఫ్‌కి అనుమతి కాదు. ఫస్ట్ ఆఫీసర్ ఆ వివరాలు తిరిగి చదువుతుండగానే కెప్టెన్ విమానాన్ని కదిలించాడు. ఈసారి ఫస్ట్ ఆఫీసర్ ఆపలేదు. ఒకసారి అడ్డు చెప్పిన మనిషి రెండోసారి ఎందుకు ఊరుకున్నాడో ఖాయంగా ఎవరూ చెప్పలేరు గానీ, పెద్దాయన్ని ఒకే నిమిషంలో రెండుసార్లు సరిదిద్దడం ఎంత కష్టమో ఉద్యోగం చేసిన ప్రతివాళ్లకూ తెలుసు. విమానం రన్‌వే మీద పరిగెడుతుండగా ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది. ఆ పాన్ ఆమ్ విమానం ఇంకా రన్‌వే మీంచి తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుందిలే అన్నట్టు కెప్టెన్ గట్టిగా జవాబిచ్చాడు. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. కొన్ని సెకన్లకే రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు.

కారణాలు ఒకటి రెండు కావు. పొగమంచు, ఒకే సమయంలో ఇద్దరు మాట్లాడటంతో రేడియోలో వినపడకుండా పోయిన మాటలు, అస్పష్టమైన పదాలు, ఆలస్యం వల్ల ఒత్తిడి, అన్నీ కలిశాయి. అయినా కాక్‌పిట్ లోపల నిజానికి దగ్గరగా వెళ్లిన ప్రశ్న ఒకటి పుట్టింది, దాన్ని ఒక్క మాటతో పక్కన పెట్టారు. ఆ ప్రశ్నని కెప్టెన్ కావాలని అణిచివేశాడనడానికి ఏమీ లేదు. తన అనుభవం మీద తనకున్న ధీమా అప్పటికి చాలు అనిపించింది. ఇలాంటి దుర్ఘటనలు మరికొన్ని చూశాక 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ తరహా శిక్షణ, అంటే కాక్‌పిట్‌లో ఒకరి మాట ఒకరు విని కలిసి పనిచేయడం నేర్పే శిక్షణ, మొదలుపెట్టింది. తర్వాత అది ప్రపంచమంతా వ్యాపించింది. చాలామంది దీన్ని కిందివాళ్లకు ధైర్యం నూరిపోసే శిక్షణ అనుకుంటారు. అది సగమే. కింది మనిషి ఎలా చెప్పాలో నేర్పడంతో పాటు, పై మనిషి ఎలా అడగాలో, విన్నాక ఏం చెయ్యాలో కూడా అందులో నేర్పుతారు. ఆ రెండో సగాన్ని ఆఫీసులు అంతగా పట్టించుకోలేదు. "మాట్లాడండి, భయపడకండి" అని సిబ్బందికి చెప్పడం తేలిక కదా.

ఫిర్యాదులు లేని టీమ్

1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయన్నది మొదట ఊహ. లెక్కలు తిరగబడ్డాయి. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే నమోదైన పొరపాట్లు ఎక్కువ. తర్వాత తవ్వి చూస్తే తేలిందేమిటంటే, ఆ వార్డుల వాళ్లు పొరపాటు జరిగితే బయటికి చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. 1999లో ఆమె ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద చేసిన అధ్యయనంతో సైకలాజికల్ సేఫ్టీ అన్న మాట పనిచేసే చోట్లకి బాగా ఎక్కింది. మాట్లాడితే తల తీసేయరన్న భరోసా అన్నమాట.

కాబట్టి "నా టీమ్‌లో ఎవరికీ ఏ సమస్యా లేదు" అని లీడర్ సంతోషంగా చెప్పినప్పుడు కాస్త అనుమానించాలి. సమస్యలు లేకపోవచ్చు. ఉండి కూడా పైకి రాకపోయే అవకాశమే ఎక్కువ.

ఈ భరోసా ఉపన్యాసాల్లో పుట్టదు. చెడు కబురు చెవిన పడ్డ మొదటి క్షణాల్లో ముఖం ఎలా మారింది, మొదటి మాట ఏం వచ్చింది అన్నదాన్ని టీమ్ మొత్తం గమనిస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. చాలా చోట్ల జరిగే చిన్న సంభాషణ చూడండి.

"సార్, శుక్రవారానికి పూర్తయ్యేలా లేదండీ. డేటా సగమే వచ్చింది."

"ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"

ఈ ప్రశ్నలో అన్యాయం ఏమీ లేదు. నిజంగానే ముందు చెప్పాల్సింది. కానీ విన్న మనిషి లెక్క వేరేలా ఉంటుంది. చెప్పినందుకు తిట్టు పడింది, అదీ నలుగురి ముందు. వచ్చేసారి ఇంకా ముందు చెబుతాడనుకోవడం భ్రమ. ఎలాగోలా అయిపోతుందేమో చూద్దామని ఇంకో రెండు రోజులు ఆగుతాడు. లీడర్ మాత్రం "నా దగ్గర ఏదైనా సూటిగా చెప్పొచ్చు, నేను ఎవర్నీ ఏమీ అనను" అని మనస్ఫూర్తిగా నమ్ముతూ ఉంటాడు. అదే చోట "సరే, మిగతా సగం ఎక్కడ ఆగింది? ఎవరితో మాట్లాడాలి?" అని అడిగి, ఆలస్యం ఎందుకైందన్నది మర్నాడు విడిగా కూర్చుని మాట్లాడితే కబురూ వస్తుంది, బాధ్యతా తప్పదు. ఇది మెతకదనం కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస మాత్రమే మారింది.

అడిగే ప్రశ్నల్లోనూ తేడా ఉంది. "ప్లాన్ ఎలా ఉంది?" అంటే "బాగుంది సార్" తప్ప వేరే జవాబు రాదు. "ఇది చెడితే ఎక్కడ చెడుతుందనుకుంటున్నారు?" అన్నప్పుడు లోపం ఉందని ముందే ఒప్పుకున్నట్టు, ఎదుటివాళ్లు దాన్ని చూపిస్తే చాలు. పెద్దవాళ్లు తమ అభిప్రాయం మొదట చెప్పేస్తే మిగతావాళ్లవి దాని చుట్టూ చేరతాయి కాబట్టి, ఆఖరున మాట్లాడటమూ మంచి పద్ధతే.

కోపం వచ్చినప్పుడు

తన్ను తాను తెలుసుకోవడంలో లోపలికి చూసుకోవడం బాగా పనికొచ్చే చోటు ఒకటుంది. అది కోపం. ఏ మాటకి తనకు చిర్రెత్తుతుందో, ఏ వేళలో ఓపిక తగ్గుతుందో మనిషికి తెలుసు. ఎవరైనా తన లెక్కని తప్పుబడితే పర్వాలేదు గానీ తన నిజాయితీని అనుమానిస్తే తట్టుకోలేనివాళ్లుంటారు. ఆలస్యం చూసి ఊరుకుంటారు గానీ అబద్ధం చూస్తే ఊగిపోయేవాళ్లుంటారు. ఆ చిట్టా ముందే దగ్గరుంటే, సమయం వచ్చినప్పుడు ఒక రాత్రి ఆగగలరు.

అబ్రహాం లింకన్ అలా ఆగిన సంగతి చరిత్రలో నమోదైంది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1863 జులై మొదట్లో గెటిస్‌బర్గ్ యుద్ధంలో లింకన్ పక్షాన జనరల్ జార్జ్ మీడ్ గెలిచాడు, కానీ ఓడిన దక్షిణాది జనరల్ లీ సైన్యాన్ని వెంటాడటంలో తాత్సారం చేశాడు. జులై 13 రాత్రి మొదలుపెట్టి ఆ సైన్యం పొటోమాక్ నది దాటి తప్పించుకుంది. మర్నాడు లింకన్ మీడ్‌కి ఉత్తరం రాశాడు. గొప్ప అవకాశం చేజారిపోయిందని, దానివల్ల తనకు అంతులేని బాధ కలిగిందని అందులో ఉంది. అధ్యక్షుడికి అసంతృప్తిగా ఉందన్న కబురు వేరే దారిలో అప్పటికే మీడ్‌కి చేరింది, ఆయన రాజీనామా చేస్తానని కూడా అన్నాడు. ఉత్తరం మాత్రం వెళ్లలేదు. జనరల్ మీడ్‌కి, పంపలేదు, సంతకం చేయలేదు అని కవరు మీద రాసి లింకన్ దాన్ని దాచేశాడు. మీడ్ యుద్ధం ముగిసేదాకా అదే సైన్యానికి అధిపతిగా ఉన్నాడు. లింకన్ తన అసంతృప్తిని మింగేశాడనుకోకూడదు, అది ఎలాగూ చేరింది. తన కోపంలోని ఘాటుని మాత్రం కాగితం మీదే ఉంచేశాడు. ఇప్పుడైతే ఆ కవరు స్థానంలో మెయిల్ డ్రాఫ్ట్ ఉంది. ఒకటే ఇబ్బంది, పంపే బటన్ కూడా పక్కనే ఉంటుంది.

దగ్గరివాళ్లు, దూరంవాళ్లు

ప్రతి లీడర్ చుట్టూ తెలియకుండానే ఒక వలయం ఏర్పడుతుంది. ఫ్రెడ్ డాన్సెరూ, జార్జ్ గ్రేన్, విలియం హాగా 1975లో చేసిన పరిశోధన ఈ విషయాన్నే పట్టుకుంది. అప్పటిదాకా ఒక మేనేజర్ అందరితో ఒకే రకంగా ఉంటాడని అనుకునేవారు. నిజానికి ఒక్కొక్కరితో ఒక్కో సంబంధం ఉంటుంది. కొందరికి లోపలి కబుర్లు, ఇష్టమైన పని, వెసులుబాటు. మిగతావాళ్లకు చెప్పిన పని, ఇచ్చిన జీతం. వలయం లోపలివాళ్లు ఎలా వచ్చారని చూస్తే సామర్థ్యంతో పాటు మాట కలవడం, ఒకే రకం చదువు, ఒకే రకం హాస్యం లాంటివీ కనిపిస్తాయి.

స్వీయ అవగాహనకు ఇది రెండు రకాలుగా దెబ్బ. తన గురించి తెలుసుకోవాలని లీడర్ అడిగేది వలయంలోని వాళ్లనే. వాళ్లకు ఆయన మంచి ముఖమే తెలుసు, చెప్పేదీ అదే. పైగా దూరంగా ఉన్నవాళ్లు మౌనంగా ఉంటే "వాళ్లకు ఆసక్తి లేదు" అని ముద్ర పడుతుంది, దాంతో ఇంకా దూరమవుతారు. "నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అనేది మంచి మాటే, కాకపోతే గుమ్మం దాటే బరువంతా అవతలివాళ్ల మీద పడుతుంది. దాటి వచ్చేవాళ్లు ఎలాగూ దగ్గరివాళ్లే.

దీనికి భావోద్వేగాలతో పని లేదు, క్యాలెండర్ చాలు. గత నెలలో ఎవరితో ఎంతసేపు మాట్లాడారో, అందులో గడువులు, లెక్కలు కాకుండా వేరే మాట ఎవరితో వచ్చిందో రాసుకుంటే వలయం గీత స్పష్టంగా కనిపిస్తుంది. అరగంట విడిగా కూర్చునే సమయాన్ని అందరికీ సమానంగా పెట్టి, పని ఎక్కువైనప్పుడు ఎవరిది మొదట రద్దవుతోందో చూసుకోవాలి. రద్దయ్యేది ప్రతిసారీ ఒకే మనిషిదైతే, ఆ మనిషికి అర్థమయ్యే ఉంటుంది.

ఫీడ్‌బ్యాక్ అంతా మంచిదేనా

కాదు. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి 1996లో వందల ఫలితాలను కలిపి చూసి తేల్చిందేమిటంటే, సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగైంది గానీ, మూడో వంతుకు పైగా సందర్భాల్లో తగ్గింది. మాట పని మీంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ప్రయోజనం తగ్గిందని వాళ్లు గమనించారు. "ఈ రిపోర్టులో మూడో పేజీ లెక్క సరిపోలేదు" అన్నదానికీ "మీకు శ్రద్ధ లేదు" అన్నదానికీ ఉన్న తేడా అది. పైనుంచి కిందికి చెప్పేటప్పుడే కాదు, కిందివాళ్లను అడిగేటప్పుడూ ఇది వర్తిస్తుంది. "నేనెలాంటి లీడర్‌ని?" అని అడిగితే ఇబ్బందికరమైన నవ్వు వస్తుంది. "నిన్నటి మీటింగులో నేను ఎవరి మాటనైనా మధ్యలో తుంచేశానా?" అంటే జవాబు వస్తుంది.

పైవాళ్లు, తోటివాళ్లు, కిందివాళ్లు అందరూ ఒక మనిషి గురించి పేరు లేకుండా నింపే 360 డిగ్రీ ఫారాలు కొంతవరకు పనికొస్తాయి. మొహం మీద చెప్పలేనివి అక్కడ బయటపడతాయి. కానీ ఆరుగురున్న టీమ్‌లో పేరు లేకపోయినా ఎవరు రాశారో ఊహించడం కష్టం కాదు. రిపోర్టు చేతికొచ్చాక లీడర్ మొదట చేసే పని కూడా అదే. ఇలా ఎవరు రాసి ఉంటారు అని. ఆ వెతుకులాట మొదలైందంటే ఫారం ప్రయోజనం తీరిపోయినట్టే. వచ్చిన ప్రతి మాటా నిజమని కూడా అనుకోనక్కర్లేదు. ఒకరి మాట ఒకరి అనుభవం. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒకే విషయం చెబితే దాన్ని పట్టించుకోవాలి. ఒక్కరే చెప్పినా, ఆ ఒక్కరు వలయం బయటివాళ్లైతే రెండోసారి వినాలి. విన్నాక ఏం మారుస్తారో, ఏది మార్చలేరో, ఎందుకో చెప్పకపోతే వచ్చే ఏడాది ఆ ఫారాలు ఖాళీగా వస్తాయి.

ఇటీవల ఇంకో ధోరణి కనిపిస్తోంది. బలహీనతలు బయటపెట్టుకునే లీడర్ గొప్ప లీడర్ అన్న మాట పట్టుకుని, ప్రతి మీటింగులో తన భయాలు, సందేహాలు చెప్పుకునేవాళ్లు తయారయ్యారు. మోతాదులో మంచిదే, మోతాదు దాటితే టీమ్‌కి లీడర్‌ని ఓదార్చే డ్యూటీ పడుతుంది. టీమ్‌కి పనికొచ్చే ఒప్పుకోలు చిన్నది, ఒకే సంఘటనకి సంబంధించింది. "నిన్న మిమ్మల్ని అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది. పొరపాటు నాదే" అని ఆపేస్తే సరి. దాని వెనక "కానీ ఆ ఒత్తిడిలో..." అని మొదలైతే అది సంజాయిషీ అవుతుంది. ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే ఒప్పుకోవాలి కూడా. గది నిండా జనం ఉండగా తిట్టి, క్యాబిన్‌లో క్షమాపణ చెబితే చూసినవాళ్ల లెక్కలో తిట్టు ఒక్కటే మిగులుతుంది.

ఇదంతా కుదిరిన టీమ్‌లోకి కొత్త మనిషి వచ్చినప్పుడు, లేదా లీడర్‌కే ఇంకో మెట్టు పైన పదవి వచ్చినప్పుడు, లెక్క మళ్లీ మొదలవుతుంది. పాతవాళ్లకు ఈ లీడర్ కోపం ఎంతవరకో తెలుసు, కొత్తవాళ్లకు తెలియదు. వాళ్లు ముందు పనిచేసిన చోట నేర్చుకున్న జాగ్రత్తే ఇక్కడా పాటిస్తారు. అందుకే కొత్తగా చేరినవాళ్లు మొదటిసారి ఏదైనా తప్పని చెప్పినప్పుడు, అది సరైన అభ్యంతరం కాకపోయినా, దాన్ని పూర్తిగా విని ఎందుకు కాదో వివరించడానికి పట్టే పది నిమిషాలూ ఇవ్వాలి. రెండోసారి వాళ్లు చెప్పబోయేది సరైనదే కావచ్చు.